పంచకల్యాణి చర్మము

ఉచ్చైశ్శ్రవము తోఁక తెల్లనిదా నల్లనిదా యని కద్రువయు వినతయుఁ బందెము వేసికొనిన కథ మన దేశమునఁ దెలియనివా రరుదు. ఆ గుఱ్ఱము నిలువెల్లఁ దెల్లనిదే. కద్రువ తన కొడుకులగు పాములను దాని తోఁకకుఁ జుట్టుకొనుఁడని పంపి, నల్లగాఁ గానవచ్చునట్లు చేసి పందెము గెలిచెను. వినత దాసి యయ్యెను. గుఱ్ఱపు వన్నెమీఁద మనవారికిఁ గల యాసక్తి యెంత ప్రాచీనమో యీ కథవలనఁ దెలియుచున్నది. చూడఁబోయిన యిరువురును వెండ్రుకల వన్నెనే చూచిరి. వెండ్రుకల క్రింది చర్మము సంగతి యెవ్వరికిని బట్టలేదు. తరువాతి కాలపు రాజులును, రావుతులును, నేఁటి పెండ్లివారును జేయుచు వచ్చిన పని యించుమించుగా నదియే.

నాలుగు కాళ్లును ముఖమును దెల్లగా నుండి తక్కిన మేనంతయు మఱియొక వన్నెతో నుండు గుఱ్ఱమును మనవారు పంచకల్యాణి యందురు. పేరులోనే మంగళ మున్నది. మన జానపదకథలలో రాజకుమారుఁ డెక్కు గుఱ్ఱమునకుఁ దఱచుగా నీ పేరే వినఁబడును. అయితే యీ యైదు తావులయందును దెల్లవెండ్రుకల క్రింద నుండు చర్మము సాధారణముగా నల్లనిది కాదు, గులాబివన్నె గలది. ఎండకును, కొన్ని మొక్కల విషమునకును, తేమకును, బురదకును మిగుల లోఁబడునది యీ చర్మమే. శుభచిహ్నములని మనము కొనియాడిన యైదు తావులును గుఱ్ఱమునకు దుర్బలస్థానములుగా నున్నవి. ఈ సంగతి మనుష్యుల కెట్లు తెలియవచ్చెనో, తెలిసినపిదపఁ జేయవలసిన దేమో యీ వ్యాసమున విచారింపఁ దలఁచితిమి.

మొదట నొక భ్రాంతిని దొలఁగింపవలసియున్నది. తెల్లగాఁ గనఁబడు గుఱ్ఱము లన్నియు నొక్కజాతివి కావు. కొన్ని నల్లగానో గోధుమవన్నెతోనో పుట్టి, యేండ్లు గడచినకొలఁది మనుష్యుల తలవలె నెరసి తెల్లనగును. వియన్నా నగరపు స్వారిశాలకుఁ గీర్తి దెచ్చిన లిపిజానరు గుఱ్ఱములలోఁ బెక్కు లిట్టివి. వీని వెండ్రుకలు తెల్లనైనను జర్మము నల్లగానే నిలిచియుండును. ఇట్లు నెరయుటకు మూలమైన జన్యుమార్పును 2008వ సంవత్సరమున స్వీడనుదేశపు ఉప్సాలా విద్వాంసులు ముఖ్యులుగాఁ గల బృందము కనిపెట్టెను. వయస్సు మీఱినపిమ్మట నిట్టి గుఱ్ఱములకుఁ దోఁకక్రిందను దాని దాపునను నల్లని కంతులు లేచుట కలదు గాని, యది వేఱు విషయము. ఇంకఁ గొన్ని పుట్టుకతోనే తెల్లనివి, చర్మమును గులాబివన్నెదే. పంజాబు సింధు ప్రాంతములలో మిగుల మన్ననగల నుక్రా గుఱ్ఱము లీ కోవలోనివి. నీలికన్నులతో మీఁగడవన్నె మేనితో నుండునవి మఱికొన్ని. పంచకల్యాణి మేన నీ రెండు విధములైన చర్మములును బ్రక్కప్రక్కనే యుండును.

ఈ భేదము తెలిసికొనుటకు శాస్త్రజ్ఞుఁ డక్కఱలేదు. ముక్కుపుటములయొద్దను, పెదవులయొద్దను, కనుఱెప్పల యంచునను వెండ్రుకలు పలుచగా నుండును. అచ్చటఁ జూచినఁ జాలును. లేదా కాలిని నీటఁ దడిపిన యెడల వెండ్రుకలు చర్మమున కంటుకొని లోపలి వన్నె బయటఁబడును. నల్లని చర్మములో మెలనిన్ అను వన్నెపదార్థ ముండును. సూర్యరశ్మిలోని యతినీలలోహిత కిరణములను దాను గ్రహించి లోపలి జీవకణములను గాపాడుట దాని పనులలో నొకటి. గులాబిచర్మమున కీ గొడుగు లేదు. పలుచని చర్మములోని నెత్తురే మనకట్లు గులాబివన్నెగాఁ దోఁచుచున్నది.

మన పూర్వు లశ్వములను బోషించు విద్యలో వెనుకఁబడినవారు కారు. కౌటిల్యుని యర్థశాస్త్రమున నశ్వాధ్యక్షునిగూర్చి యొక ప్రకరణమే కలదు. ప్రతి గుఱ్ఱము యొక్క కులమును, వయస్సును, వన్నెను, చిహ్నములను, వచ్చిన తావును వ్రాసిపెట్టవలెనని యందు విధింపఁబడినది. శాల యెంత వెడల్పుండవలెనో, మేఁత యెంత పెట్టవలెనో, దినమున కెన్నిమాఱులు స్నానము చేయింపవలెనో చెప్పఁబడినది. చికిత్సలోని లోపముచేత రోగము ముదిరినయెడల నా చికిత్స కగు వ్యయమునకు రెట్టింపు దండుగయు, వైద్యుని యపరాధముచేతఁ గీడు మూఁడినయెడల గుఱ్ఱపు వెల యంత దండుగయు నేర్పఱుపఁబడెను. శాలిహోత్రుని పేరఁ బరఁగిన శాస్త్రమును, నకులుని యశ్వచికిత్సయు, జయదత్తుని యశ్వవైద్యకమును, తెనుఁగున మనుమంచిభట్టు రచించిన హయలక్షణవిలాసమును మన కున్నవి. వీనియందు గుఱ్ఱపు వన్నెలకును, సుడులకును, మచ్చలకును, వానివలనఁ గలుగు శుభాశుభములకును బెద్దపీట వేయుట యా సంప్రదాయమంతటను గలదు. వైద్యమును లక్షణమును నొక్కచోటనే యుండినను లోకమున నెక్కువగా వ్యాపించినది లక్షణమే. ఏ సుడి యజమానునకుఁ గీడు, ఏ మచ్చ మేలు అను మాటలు గుఱ్ఱ మెక్కనివారికిఁ గూడఁ దెలిసినవి. పుండును గడుగు విధము శాలదాఁటి రాలేదు.

ఇట్టి పక్షపాతమున కెంత వెల చెల్లింపవలసి వచ్చునో 13వ శతాబ్దాంతమున దక్షిణదేశపుఁ దీరమును జూచిన మార్కోపోలో వ్రాఁతలవలనఁ దెలియుచున్నది. మాబరు, అనఁగా నేఁటి తమిళతీరపు రాజులు సముద్రముమీఁద గుఱ్ఱములను దెప్పించుచుండిరనియు, ఒక్కొక్క రాజు ఏఁటికి 2,000కుఁ బైఁగాఁ గొనుచుండె ననియు, ఏఁడు తిరుగునప్పటికి వానిలో నూఱైనను మిగులవనియు నాతఁడు చెప్పెను. గుఱ్ఱములను జూచుకొను విధము తెలియకపోవుటయు, ఉడికించిన యన్నముతో మాంసము కలిపి పెట్టుటయు నందుకుఁ గారణములుగాఁ బేర్కొనెను. గుఱ్ఱపు వైద్యులు కొందఱీ దేశమునకుఁ బోయిన యెడల దమ బేర మెక్కడఁ దగ్గునో యని వర్తకులు వారిని రానీయకుండిరనియు వ్రాసెను. ఆ లెక్కలలో యాత్రికుని యతిశయోక్తి యెంతయైన నుండవచ్చును. వెల పెట్టి జంతువును గొనుట వేఱు, దానిని బ్రదికించు విద్యను గొనుట వేఱు అను మాటమాత్ర మతిశయోక్తి కాదు.

ఇంక గులాబిచర్మపు రహస్యము బయటఁబడిన తీరు చూతము. దానిని మొదట గమనించినది పండితులు కారు, కాఁపరులు. ఇటలీదేశపు దక్షిణమునందలి తరంతో ప్రాంతమున హైపెరికమ్ అను మొక్క విస్తారముగా మొలచును. అచ్చటివారు నల్లగొఱ్ఱెలనే పెంచుచుండిరి. ఏలయన నా మొక్కను మేసిన తెల్లగొఱ్ఱెలు రెండువారములలోఁ జచ్చుచుండెను, నల్లవాని కే బాధయు లేకుండెను. పూచిన బక్వీట్ మొక్కను దిని యెండలోఁ దిరిగిన తెల్లపందులకుఁ గీడు గలుగుట యైరోపాలోఁ బలువురు కనుఁగొనిరి. ఈ సంగతులను డార్విను 1868వ సంవత్సరమునఁ బ్రకటించిన తన గ్రంథమునఁ జేర్చెను. పెంపుడు జంతువులయందును మొక్కలయందును గలుగు మార్పులనుగూర్చిన గ్రంథ మది.

అందే గుఱ్ఱములనుగూర్చి యొక చిన్న వృత్తాంతము కలదు. ఒక మతాచార్యుని తండ్రి తన బండిగుఱ్ఱములను సుమారు 15ఁటిని పశుగ్రాసముగా వేసిన యొక చేనిలోనికిఁ దోలించెను. ఆ చేనికి నల్ల పేనుబంక పట్టియుండెను. గుఱ్ఱములలో రెండుతప్పఁ దక్కినవన్నియు ముఖమునను గిట్టల పైభాగమునను దెల్లమచ్చలు గలవి. మేసినపిమ్మట నా తెల్లని తావులు మాత్రమే వాఁచి, పుండ్లయి, పక్కులు గట్టెను. తెల్లమచ్చలు లేని రెండు గుఱ్ఱములకు నేమియుఁ గాలేదు. మన పంచకల్యాణి లక్షణము నీ వృత్తాంతముతోఁ బోల్చి చూడుఁడు. ముఖము, కాళ్లు: ఆ తావులే. మన దేశమున నిట్లు జరిగినయెడల దృష్టి తగిలిన దనియో, గ్రహము చాలలేదనియో చెప్పి నిమ్మకాయ త్రిప్పి యూరకుండెడివారము. అచ్చటి వ్యవసాయదారుఁ డే గుఱ్ఱమునకు బాధ కలిగెనో, దేనికిఁ గలుగలేదో లెక్కించి చూచెను. ఆ లెక్కయే శాస్త్రమునకుఁ బునాది.

డార్వినునకును దీని కారణము పూర్తిగాఁ దెలియలేదు. జంతువుయొక్క వన్నెకును దాని దేహతత్త్వమునకును నేదో సంబంధము కలదని మాత్ర మాతఁ డూహించెను. మఱి 32 ఏండ్లకు, 1900వ సంవత్సరమున, మ్యూనికు నగరమున ఆస్కరు రాబ్ అను విద్యార్థి యొక వింతను బ్రకటించెను. అక్రిడిన్ అను రంగు కలిపిన నీటిలో సూక్ష్మజీవు లొకప్పుడు త్వరగాఁ జచ్చుచు, నొకప్పుడు చాలసేపు బ్రదుకుచుండెను. రంగొక్కటియే, భేదము వెలుతురులో నుండెను. రంగును వెలుతురును గూడినప్పుడే యవి చచ్చుచుండెను. 1912వ సంవత్సరమున మేయరు బెట్జ్ అను జర్మను వైద్యుఁడు నెత్తురునుండి తీసిన యొక రంగును దన దేహములోనికే యెక్కించుకొనెను. వెలుతురు తగిలిన ముఖమును జేతులును భయంకరముగా వాఁచెను. దేహములోఁ జేరిన పదార్థ మెండకు నిప్పువలె స్పందించుట యిట్లు స్థిరపడెను.

కడపటి ముడిని విప్పినవారు దక్షిణాఫ్రికాలోని పశువైద్యులు. అచ్చటి కరూ మైదానములలో గొఱ్ఱెలకు ముఖము వాఁచి పచ్చఁబడు రోగ మొకటి కలదు. దానికి మూలమని గుర్తింపఁబడిన మొక్క మనకుఁ గ్రొత్తది కాదు. మన చేలగట్లమీఁదఁ గాళ్లకు గ్రుచ్చుకొను పల్లేరే. ఆండర్‌స్టెపోర్ట్ పరిశోధనాలయమునఁ బనిచేసిన రిమింగ్టను, క్విన్ అను వారు 1934వ సంవత్సరమున నీ రోగముయొక్క చిక్కును విప్పిరి. పశువులు తిను పచ్చగడ్డిలోఁ బత్రహరితము కలదు. కడుపులోని సూక్ష్మజీవులు దానిని జీర్ణించి ఫిల్లోఎరిత్రిన్ అను పదార్థముగా మార్చును. కాలేయ మారోగ్యముతో నున్నంతవఱకు దానిని బిత్తముతోఁ గూడ బయటికిఁ బంపివేయును. కాలేయము చెడినను, బిత్తనాళములు మూసికొనిపోయినను నది నెత్తురులోఁ జేరి చర్మమునకు వచ్చును. నల్లని చర్మము వెలుతురును లోనికి రానీయదు, గులాబిచర్మము రానిచ్చును. వెలుతురు తాఁకినంతనే యా పదార్థము కణములను గాల్చివేయును.

గుఱ్ఱమునకును నిదే న్యాయము. హైపెరికమ్ వంటి కొన్ని మొక్కలలోని రంగు నేరుగాఁ జర్మమునకుఁ జేరి బాధించును. మఱికొన్ని మొక్కలు మొదటఁ గాలేయమును జెఱచి, తరువాతఁ బచ్చగడ్డినే విషముగా మార్చును. ఐరోపాలోని రాగ్‌వర్ట్ ఇట్టిది. మన దేశమునకుఁ బూలకంచెగాఁ దెచ్చిన లాంటానా యిప్పు డడవులను గప్పివేసి, పశువుల కాలేయములను జెఱచి యిట్టి రోగమునే కలిగించుచున్నది. కాఁబట్టి తెల్లనితావునఁ బుండు గనఁబడినప్పుడు చర్మమునకు మాత్రమే మందు పూసి యూరకుండరాదు. లోపలి కాలేయము మొఱపెట్టుచున్నదేమో విచారింపవలెను. నల్లచర్మపు గుఱ్ఱమునకుఁ గాలేయము చెడినను నిట్టి గుర్తు పైకిఁ గానరాదు. గులాబిచర్మ మీ విధమున ముందుగా హెచ్చరిక చేయును. ఆ హెచ్చరికను వినువాఁ డుండవలెను.

గులాబిచర్మమున కన్ని బాధలును నిందువలననే కలుగవు. వట్టి యెండచేతనే ముక్కుమీఁదను, కన్నులచుట్టును గందుట కలదు. వాననాళ్లలో బురదలో నిలిచిన తెల్లకాళ్లకుఁ బక్కులు గట్టి పగుళ్లు వాఱుట వేఱొకటి. తడిసి మెత్తఁబడిన చర్మములోఁ బ్రవేశించు సూక్ష్మజీవులలో ముఖ్యమైన యొకదానిని 1915వ సంవత్సరమున బెల్జియను కాంగోలోని పశువులయందుఁ గనిపెట్టిరి. ఏండ్లతరబడి యెండదెబ్బ తగిలిన కనుఱెప్పలకు మానని పుండు లేచి యర్బుదమగుట యన్నిటికంటెను భయంకరము. మూఁడు నాలుగు దినములలో మానవలసిన చిన్న పుండు కంటియంచున వారములకొలఁది నిలిచియున్నచోఁ బశువైద్యునిఁ బిలువక యుపేక్షించుట గుఱ్ఱపు కన్నును బోఁగొట్టుటయే.

కావలసిన యుపచారము లెక్కువ వ్యయముతోఁ గూడినవి కావు. మొదటిది నీడ. వేసవిలోఁ బొద్దెక్కినది మొదలు సాయంకాలమువఱకును శాలలో నుంచి, తెల్లవాఱుజామునను రాత్రియు మేపవలెను. ఱేకుల పందిరి యెండను మఱింత కాఁచును. తాటాకు పందిరియైనను, వేపచెట్టైనను మేలు. రెండవది కప్పు. కన్నులను ముక్కును గప్పునట్టి పలుచని జాలిముసుఁగు యెండను ఈఁగలను గూడ నాఁపును. ముసుఁగు నిలువని పెదవులమీఁదను ముక్కుమీఁదను జింకు ఆక్సైడు లేపనము పూయవచ్చును. మూఁడవది పొడిదనము. మాలీసు చేయునప్పుడు గట్టి కుంచెతోఁ దెల్లకాళ్లను గీరరాదు. కాళ్లు కడిగినపిమ్మట మెత్తని గుడ్డతో నద్ది తడి యాఱఁజేయవలెను. పక్కులను పొడిగా నున్నప్పుడు పెఱికినచో నెత్తురు వచ్చును. గోరువెచ్చని నీటితో నానఁబెట్టి మెల్లగాఁ దీయవలెను. కౌటిల్యుఁడు దినమునకు రెండు స్నానములు చెప్పెను. ఆ స్నానము మంచిదే, తుడిచి యాఱఁబెట్టువాఁ డున్నప్పుడు. నాలుగవది మేఁతను జూచుట. చేనిలోనికిఁ దోలకముందు చేనంతయు నడచి కలుపును బెఱికివేయవలెను. తెల్లని తావులు మాత్రమే వాఁచి, వన్నెగల తావు మొదలగుచోట గీఁత గీచినట్లు వాఁపు నిలిచిపోయినయెడల వెంటనే వెలుతురు తగులని శాలలోఁ గట్టి, పచ్చగడ్డి మాన్పి, నెత్తురు పరీక్ష చేయించి కాలేయము స్థితి తెలిసికొనవలెను. కొన్ని మందులు కూడఁ జర్మమును వెలుతురునకు లోఁబఱచును గనుక వైద్యునకు గులాబిచర్మపు మాట ముందే చెప్పుట మంచిది.

ఈ పనులన్నియుఁ జేయవలసినవాఁడు గుఱ్ఱపువాఁడు. వాని జీతమెంత, వానికిఁ జెప్పిన చదువెంత? వరుఁ డెక్కు తెల్లగుఱ్ఱమునకు జరీకుచ్చులకును, మొగమునకుఁ బూయు రంగులకును వందలు వెచ్చించువా రొక జాలిముసుఁగునకు వెచ్చింపరు. ఆ రంగులు నున్నని గులాబిచర్మమును మంటపెట్టునని యెవ్వరును దలంపరు. ఉత్తరదేశమునఁ బెండ్లియూరేగింపులకుఁ దెల్లగుఱ్ఱమునే కోరుట వాడుక. మన పట్టణములకును నా వేడుక వచ్చినది. 1960వ సంవత్సరమున జంతువులపైఁ గ్రూరత్వమును నివారించు చట్టము వచ్చెను. 1965వ సంవత్సరపు నిబంధనలు బండిలాగు జంతువులను 37 డిగ్రీలు మించిన తావులలోఁ బగలు 12 గంటలనుండి 3 గంటలవఱకుఁ బనిచేయింపరాదని చెప్పుచున్నవి. వన్నెలేని చర్మమునకుఁ దగిన కాపుదల యిట్టి నియమముల కంటెను సునిశితమైన యెఱుకను గోరును. చట్టము గడియారమును జూచును. గుఱ్ఱపు ముక్కును జూడవలసినది మనుష్యుఁడు.

మఱియొక మాట చెప్పక విడువఁజాలము. తెలుపు శ్రేష్ఠమనియు నలుపు హీనమనియుఁ దలఁచు దురభిమానము మన యిండ్లలో నింకను గలదు. పెండ్లికూఁతుఁ జామనచాయగా నున్న దని పెదవి విఱుచువారు, అదే పెండ్లికిఁ దెల్లగుఱ్ఱమునే తెండనువారు ఒక్కరే. ఆ గుఱ్ఱము ముక్కుమీఁది కందిన గులాబితావును, దాని ప్రక్కనే చెక్కుచెదరని నల్లనితావును వా రొక్కమాఱు చూచిన నలుపు ప్రకృతి యిచ్చిన గొడుగని తెలియును. తెల్లనిదానిని ద్వేషింపు మని మే మనుట లేదు. గొడుగు లేక పుట్టినదానికి గొడుగు పట్టుట పెంచువాని ధర్మము. మనుష్యులలోను వన్నెలేని చర్మముతోఁ బుట్టి, పుట్టుకయే తప్పన్నట్లు మాటలు పడుచున్నవారు గలరు. వారికిని గావలసినది నీడయు, నిండుదుస్తులు, కంటివైద్యమును, బిడ్డలకు బడిలోఁ గిటికీకి దూరముగా నొక చోటును. శకునములచేత వారికిఁ గలిగిన మేలు లేదు.

ఈ మాఘమాసమున మీ యింటఁ బెండ్లి యున్నదేని, గుఱ్ఱమును గుదుర్చునప్పుడు వెలతోఁ బాటు మఱి మూఁడు ప్రశ్నలడుగుఁడు. ఊరేగింపునకు ముందు గుఱ్ఱ మే నీడను నిలుచును? దానికి నీరెవరు పెట్టుదురు? ముక్కునకును గాళ్లకును బుండ్లున్నవా? అని యడిగి, దగ్గఱకుఁ బోయి స్వయముగాఁ జూడుఁడు. పుండ్లున్నయెడల నా గుఱ్ఱమును మాని, గుఱ్ఱపువానికి రావలసిన కూలిలోఁ గొంతయైన నిచ్చి, పశువైద్యశాలకుఁ బంపుఁడు. వరుఁడు నడచివచ్చినను ముహూర్తము దాఁటదు.